రొమ్ము క్యాన్సర్ పాకే దారిలో రోగనిరోధక కణాలు

రొమ్ములో పుట్టిన కణితి అక్కడే ఉండిపోతే దానివల్ల ప్రాణం పోవడం చాలా అరుదు. గడ్డను గానీ, అవసరమైతే రొమ్ము మొత్తాన్ని గానీ శస్త్రచికిత్సతో తొలగించవచ్చు. అది లేకపోయినా శరీరం బతకగలదు. ప్రాణం తీసేవి ఆ గడ్డ నుంచి విడివడి ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకిన కణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల మంది మహిళల్లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆ ఒక్క ఏడాదిలోనే దాదాపు 6,70,000 మంది ఈ వ్యాధితో మరణించారు. వారిలో అత్యధికుల విషయంలో మరణానికి దారితీసింది వ్యాధి ఇతర అవయవాలకు చేరడమే. అందువల్ల గడ్డ ఎందుకు పుడుతుందన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, పుట్టిన గడ్డ ఎలా పాకుతుందన్న ప్రశ్న అంతకంటే ముఖ్యం.

పాకడం క్యాన్సర్ కణానికి సులువైన పనేమీ కాదు. ముందుగా అది తన పక్క కణాలతో ఉన్న పట్టు వదిలించుకోవాలి, చుట్టూ ఉన్న పీచు కణజాలంలో దారి చేసుకోవాలి, రక్తనాళపు గోడను దాటి లోపలికి జారుకోవాలి, రక్తప్రవాహపు ఒరిపిడిని తట్టుకోవాలి, దూరాన ఉన్న ఏదో ఒక అవయవంలో మళ్లీ గోడ దాటి బయటికి రావాలి, చివరకు తనకు అలవాటు లేని నేలలో నిలదొక్కుకోవాలి. 1970లో ఐజాయా ఫిడ్లర్ రేడియోధార్మిక గుర్తు వేసిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాలను ఎలుకల రక్తంలోకి ఎక్కించి వాటి గతి ఏమవుతుందో లెక్క చూశాడు. ఒక రోజు గడిచేసరికి వెయ్యికి ఒక కణం కూడా బతికి లేదు. చివరకు కొత్త గడ్డగా ఎదిగినవి పదివేలకు ఒకటి కంటే తక్కువ. అది రొమ్ము క్యాన్సర్ మీద చేసిన ప్రయోగం కాకపోయినా, ఈ ప్రయాణంలో నష్టం ఏ స్థాయిలో ఉంటుందో చూపడానికి నేటికీ దాన్నే ఉదాహరిస్తారు.

ఇంత నష్టం ఉన్న దారిలో కొన్ని కణాలైనా గమ్యం చేరుతున్నాయంటే వాటికి ఎక్కడో తోడు దొరుకుతూ ఉండాలి. ఆ తోడులో పెద్ద భాగం శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాల నుంచే అందుతోందని గడచిన పాతికేళ్ల పరిశోధన చూపింది. ఈ మాట వినగానే కంచే చేను మేసిందన్న సామెత గుర్తుకు రావడం సహజం. అయితే ఆ సామెత ఇక్కడ సగమే సరిపోతుంది. ఈ కణాలు తమ పని మానేసి కొత్తగా ద్రోహం నేర్చుకోవు; పుట్టినప్పటి నుంచి తమకు తెలిసిన పనినే, తప్పుడు పిలుపు అందుకుని, తప్పుడు చోట చేస్తాయి. ఈ తేడా చికిత్సను ఏ వైపు నడపాలో నిర్ణయిస్తుంది గనుక దాన్ని వివరంగా చూడాలి.

రోగనిరోధక వ్యవస్థను సైన్యంతో పోల్చడం ఎంత అలవాటైపోయిందంటే, ఆ కణాలకు యుద్ధం తప్ప వేరే పని ఉండదన్న భావన స్థిరపడింది. 1882లో ఇల్యా మెచ్నికోవ్ పారదర్శకంగా ఉండే నక్షత్ర చేప పిల్లకు ముల్లు గుచ్చి, దాని చుట్టూ సంచార కణాలు మూగడాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ పరిశీలన 1908లో ఆయనకు పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి తెచ్చింది. ఆ దృశ్యంలో లోకం గుర్తుంచుకున్నది క్రిములను మింగే గుణాన్ని మాత్రమే. నిజానికి మింగే కణాల్లో పెద్దవైన మాక్రోఫేజ్‌లు శరీరంలో పాకీ పని, తాపీ పని రెండూ చేస్తాయి. రోజూ చనిపోయే కోట్ల కణాలను తొలగించేవి అవే. గాయమైన చోటికి కొత్త రక్తనాళాలను రప్పించేవి, చెడిన పీచును కోసి కొత్త పీచుకు చోటు చేసేవి, పెరుగుతున్న అవయవంలో ముందు నడిచి దారి సిద్ధం చేసేవి కూడా అవే.

రొమ్ము విషయంలో ఈ నిర్మాణపు పనికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. మిగతా అవయవాల్లో చాలావరకు పుట్టేనాటికే రూపు కడతాయి. రొమ్ము యుక్తవయసులో, గర్భధారణలో, పాలిచ్చే కాలంలో పదే పదే తన రూపు మార్చుకుంటుంది. యుక్తవయసులో పాలనాళాలు కొవ్వు కణజాలాన్ని చీల్చుకుంటూ కొమ్మలు వేసేటప్పుడు వాటి కొసల చుట్టూ మాక్రోఫేజ్‌లు గుమిగూడి ఉంటాయి. ఆ మాక్రోఫేజ్‌లను పోషించే సీఎస్‌ఎఫ్-1 అనే సంకేత ప్రొటీన్ లేకుండా పుట్టిన ఎలుకల్లో పాలనాళాలు సరిగా కొమ్మలు వేయవు. బిడ్డ పాలు మానిన తర్వాత, పాలు తయారు చేసిన కణాలు మూకుమ్మడిగా చనిపోయి రొమ్ము వెనుకటి స్థితికి చేరే దశలోనూ అక్కడికి మాక్రోఫేజ్‌లు పెద్ద సంఖ్యలో చేరతాయి. ఆ దశ గాయం మానే ప్రక్రియను చాలావరకు పోలి ఉంటుంది. ప్రసవం తర్వాతి కొన్నేళ్లలో బయటపడే రొమ్ము క్యాన్సర్లకు పాకే స్వభావం ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం కావచ్చునని పరిశోధకులు భావిస్తున్నారు. (దీన్ని చూసి పాలివ్వడానికి వెనుకాడవలసిన పని లేదు, మొత్తం జీవితకాలాన్ని లెక్కలోకి తీసుకుంటే పాలివ్వడం రొమ్ము క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుందన్నదానికి బలమైన సాక్ష్యం ఉంది.)

కణితిలో తెల్ల రక్తకణాలు ఉంటాయన్న సంగతి 1863 నాటికే రుడాల్ఫ్ విర్ఖోవ్ గమనించాడు. 1986లో హెరాల్డ్ ద్వోరాక్ కణితిని మానని గాయంగా అభివర్ణించాడు. గాయం తగిలినప్పుడు శరీరం పంపే మరమ్మతు బృందం పని ముగించి వెళ్లిపోతుంది. కణితి మాత్రం ఎప్పటికీ గాయంలాగే సంకేతాలు పంపుతూ ఉంటుంది కనుక ఆ బృందం అక్కడే తిష్ఠ వేస్తుంది. అయితే ఆ కణాలు కణితితో పోరాడుతున్నాయా, దానికి సాయపడుతున్నాయా, కేవలం చూస్తూ ఉన్నాయా అన్నది తేల్చడానికి ప్రయోగం కావాలి.

2001లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో జెఫ్రీ పోలార్డ్ బృందం ప్రచురించిన ప్రయోగం ఆ పని చేసింది. జన్యుమార్పు వల్ల తప్పనిసరిగా రొమ్ము కణితులు పెంచుకునే ఎలుకల్లో సీఎస్‌ఎఫ్-1 జన్యువు పనిచేయకుండా చేశారు. మాక్రోఫేజ్‌లు తగ్గిపోయిన ఆ ఎలుకల్లో గడ్డలు ఎప్పటిలాగే పుట్టాయి, దాదాపు ఎప్పటి వేగంతోనే పెరిగాయి. కానీ అవి చుట్టుపక్కలకు చొచ్చుకుపోయే దశకు చేరడం ఆలస్యమైంది, ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గింది. రొమ్ము కణాల్లో సీఎస్‌ఎఫ్-1ను తిరిగి ప్రవేశపెట్టగానే పాకే గుణం తిరిగి వచ్చింది. గడ్డ పెరగడం, గడ్డ పాకడం అనే రెండు ప్రక్రియలను వేరు చేసి చూపినందున ఈ ఫలితానికి అంత విలువ ఉంది. గడ్డ పరిమాణాన్ని మాత్రమే కొలిచి మందు పనితీరును అంచనా వేస్తే పాకే ప్రక్రియ మీద దాని ప్రభావం మన కంటపడకపోవచ్చునన్న హెచ్చరిక కూడా అందులోనే ఉంది.

మాక్రోఫేజ్ సాయం ఏ రూపంలో అందుతుందో బతికి ఉన్న ఎలుకల కణితుల్లోకి ప్రత్యేక సూక్ష్మదర్శినులతో నేరుగా చూసినప్పుడు బయటపడింది. రొమ్ము క్యాన్సర్ కణం సీఎస్‌ఎఫ్-1ను వెలువరిస్తుంది. దాన్ని అందుకున్న మాక్రోఫేజ్ ఈజీఎఫ్ అనే పెరుగుదల ప్రొటీన్‌ను వెలువరిస్తుంది. ఆ ఈజీఎఫ్ క్యాన్సర్ కణాన్ని కదిలిస్తుంది, మళ్లీ సీఎస్‌ఎఫ్-1ను వెలువరించేలా చేస్తుంది. ఇలా ఒకదాన్నొకటి పిలుచుకుంటూ రెండు రకాల కణాలు కొల్లాజెన్ పోగుల వెంట రక్తనాళం దిశగా నడుస్తాయి. ఈ జంటలో ఏ ఒక్క సంకేతాన్ని అడ్డుకున్నా రెండు రకాల కణాల కదలికా మందగిస్తుంది.

రక్తనాళం దగ్గర మరో ఏర్పాటు ఉంటుంది. నాళపు గోడకు ఆనుకుని ఒక మాక్రోఫేజ్, దాన్ని తాకుతూ ఒక క్యాన్సర్ కణం, వాటి పక్కనే నాళపు లోపలి పొర కణం: ఈ మూడూ ఒకచోట కలిసిన స్థలాలను పరిశోధకులు టీమెమ్ అనే సంక్షిప్త నామంతో గుర్తించారు. అక్కడి మాక్రోఫేజ్ వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేసినప్పుడు నాళపు గోడలోని కణాల మధ్య అతుకు కొద్దిసేపు సడలుతుంది, ఆ సందులోంచి క్యాన్సర్ కణం రక్తంలోకి జారుకుంటుంది. గోడ అంతటా కారదు. ఆ కొద్ది చోట్ల, ఆ కొద్దిసేపు మాత్రమే తెరుచుకుంటుంది. రోగుల నుంచి తీసిన కణితి నమూనాల్లోనూ ఇవి కనిపించాయి. తర్వాతి కాలంలో వ్యాధి దూర అవయవాలకు పాకిన మహిళల కణితుల్లో, పాకని వారితో పోలిస్తే, ఇలాంటి స్థలాల సాంద్రత ఎక్కువగా ఉన్నట్టు 2009లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. గాయం దగ్గర తెల్ల రక్తకణాలు బయటికి రావడానికి నాళపు గోడను సడలించడం శరీరానికి పాత విద్యే. ఇక్కడ అదే విద్య, రాకపోకల దిశ మాత్రం తారుమారైంది.

మాక్రోఫేజ్‌కు ఈ పని అప్పగించేది క్యాన్సర్ కణం ఒక్కటే కాదు. 2009లో లీసా కౌసెన్స్ బృందం ఎలుకల్లో చేసిన పరిశోధనలో సీడీ4 రకం టి కణాలు (టి కణాలు తెల్ల రక్తకణాల్లో ఒక వర్గం) వెలువరించే ఐఎల్-4 అనే సంకేతం మాక్రోఫేజ్‌లను కణితికి అనుకూలంగా మలుస్తుందని, దాన్ని తొలగిస్తే ఊపిరితిత్తులకు పాకడం తగ్గుతుందని తేలింది. పురుగుల బెడదను, గాయాలను ఎదుర్కొనేటప్పుడు శరీరం వాడుకునే సంకేతాల్లో అదొకటి. మాక్రోఫేజ్‌లను పోరాడే ఎం1 రకమని, మరమ్మతు చేసే ఎం2 రకమని రెండుగా విడదీసి చెప్పడం పాఠ్యపుస్తకాల్లో ఇంకా కనిపిస్తుంది. బోధనకు సౌకర్యమే కానీ, కణితిలో నిజంగా దొరికే మాక్రోఫేజ్‌లు ఈ రెండు గదుల్లో ఇమడవు. ఒకే కణం రెండు రకాల లక్షణాలూ చూపడం సర్వసాధారణం.

రక్తంలోకి దిగిన క్యాన్సర్ కణానికి మొదటి శత్రువు ఎన్‌కే కణం. సహజ హంతక కణమన్న పేరుకు తగ్గట్టు అది ముందస్తు పరిచయం అక్కర్లేకుండానే తేడాగా ఉన్న కణాన్ని పసిగట్టి చంపగలదు. దాని నుంచి తప్పించుకోవడానికి క్యాన్సర్ కణానికి రక్తం గడ్డకట్టడంలో తోడ్పడే ప్లేట్‌లెట్లు అక్కరకు వస్తాయి: అవి దాని చుట్టూ దుప్పటిలా అంటుకుని ఎన్‌కే కణానికి అందకుండా చేస్తాయి.

న్యూట్రోఫిల్‌ల పాత్ర ఇంకా ఆశ్చర్యకరమైనది. రక్తంలోని తెల్ల కణాల్లో సగానికి పైగా ఇవే. బ్యాక్టీరియా సోకినప్పుడు ముందుగా చేరేవి కూడా ఇవే. 2019లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు చెందిన నికోలా అసేటో బృందం రొమ్ము క్యాన్సర్ రోగుల రక్తంలోను, ఎలుకల రక్తంలోను తిరుగుతున్న క్యాన్సర్ కణాలను ఒక్కొక్కటిగా వేరుచేసి పరిశీలించింది. కొన్ని కణాలకు న్యూట్రోఫిల్‌లు అతుక్కుని ఉన్నాయి. అలా జతకట్టిన క్యాన్సర్ కణాల్లో విభజనకు సంబంధించిన జన్యువులు చురుగ్గా ఉన్నాయి, ఎలుకల్లో అవి ఒంటరి కణాలకంటే ఎక్కువ సమర్థంగా కొత్త గడ్డలు వేశాయి. అలాంటి జంటలు కనిపించిన రోగుల్లో వ్యాధి త్వరగా ముదిరింది.

దీన్నిబట్టి న్యూట్రోఫిల్‌లన్నీ చెడ్డవని తీర్పు చెప్పలేం. కణితి ఉన్న ఎలుకల రక్తంలోని న్యూట్రోఫిల్‌లు ఊపిరితిత్తుల్లో దిగబోతున్న క్యాన్సర్ కణాలను చంపగలవని 2011లో వచ్చిన మరో అధ్యయనం చూపింది. ప్రయోగానికి ఎంచుకున్న ఎలుక జాతి, కణితి రకం, వ్యాధి దశ మారినప్పుడల్లా ఫలితం మారడం ఈ రంగంలో తరచూ ఎదురవుతుంది. దీన్ని పరిశోధన వైఫల్యంగా కొట్టిపారేయడం సరికాదు. ఒకే కణం పరిసరాన్ని బట్టి భిన్నంగా ప్రవర్తిస్తుందన్నదే ఈ ఫలితాలు కలిసి చెబుతున్న విషయం.

క్యాన్సర్ కణాలు చేరే అవయవాల ఎంపిక యాదృచ్ఛికం కాదన్న సంగతి 1889లోనే స్టీఫెన్ పేజెట్ గ్రహించాడు. రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలు పరిశీలించి, విత్తనం అన్ని దిక్కులకూ వెళ్లినా తగిన నేలలోనే మొలుస్తుందని ఆయన రాశాడు. ఆ నేల విత్తనం రాకముందే దున్ని సిద్ధమవుతుందన్న ఊహ పేజెట్‌కు ఉండే అవకాశం లేదు. 2005లో డేవిడ్ లైడెన్ బృందం ఎలుకల్లో గమనించింది సరిగ్గా ఇదే: దూరాన ఉన్న కణితి పంపిన సంకేతాలతో ఎముక మజ్జ నుంచి బయలుదేరిన కణాలు, క్యాన్సర్ కణాల కంటే ముందుగానే ఊపిరితిత్తుల్లో గుంపులుగా స్థిరపడి వాటికి చోటు సిద్ధం చేశాయి.

రొమ్ములోని గడ్డ ఎముక మజ్జను ఎలా ప్రభావితం చేయగలదో 2015లో నెదర్లాండ్స్ క్యాన్సర్ సంస్థలోని కారిన్ డి విసర్ బృందం ఎలుకల్లో అంచెలంచెలుగా చూపింది. కణితి ప్రేరేపించిన శోథ (వాపు, మంటతో కూడిన రోగనిరోధక స్పందన) వల్ల ఐఎల్-1 బీటా అనే సంకేత ప్రొటీన్ పెరుగుతుంది. దానివల్ల గామా డెల్టా టి కణాలనే చిన్న వర్గం ఐఎల్-17 అనే మరో సంకేతాన్ని వెలువరిస్తుంది. దానివల్ల జీ-సీఎస్‌ఎఫ్ అనే ఇంకో సంకేతం పెరిగి, మజ్జ న్యూట్రోఫిల్‌లను విపరీతంగా ఉత్పత్తి చేస్తుంది. అలా వచ్చిన న్యూట్రోఫిల్‌లు క్యాన్సర్ కణాలను చంపగల సీడీ8 టి కణాలను అణచివేస్తాయి. ఈ గొలుసులో గామా డెల్టా టి కణాలను గానీ, న్యూట్రోఫిల్‌లను గానీ తొలగించినప్పుడు ఊపిరితిత్తులకు, లింఫు గ్రంథులకు పాకడం గణనీయంగా తగ్గింది. రొమ్ములోని గడ్డ పెరుగుదలలో మాత్రం మార్పు లేదు. 2001 నాటి మాక్రోఫేజ్ ప్రయోగంలో వచ్చిన ఫలితమే మరో రకం కణంతో మళ్లీ వచ్చింది.

ఎముకలో జరిగేది మరో తీరు. ఎముకను నిరంతరం కొరికి కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లు కూడా మాక్రోఫేజ్‌ల వంశానికి చెందినవే. ఎముకకు చేరిన రొమ్ము క్యాన్సర్ కణం తాను స్వయంగా ఎముకను తినదు. పీటీహెచ్ఆర్‌పీ వంటి ప్రొటీన్ల ద్వారా ఎముక నిర్మాణ కణాలను ప్రేరేపించి, వాటిచేత ఆస్టియోక్లాస్ట్‌లను పెంచే సంకేతాలు ఇప్పిస్తుంది. ఎముక కరిగినకొద్దీ అందులో నిల్వ ఉన్న టీజీఎఫ్-బీటా వంటి పెరుగుదల ప్రొటీన్లు విడుదలై క్యాన్సర్ కణాన్ని పోషిస్తాయి, అది మళ్లీ ఎముకను కరిగించమంటుంది. ఎముకలకు పాకిన రోగుల్లో తీవ్రమైన నొప్పికి, చిన్న ఒత్తిడికే ఎముకలు విరగడానికి ఈ విషవలయమే మూలం. జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ వంటి మందులు ఆస్టియోక్లాస్ట్‌ల పనిని ఆపి ఈ వలయాన్ని తెంచుతాయి. నెలసరి ఆగిన మహిళల్లో తొలిదశ చికిత్సతో పాటు జోలెడ్రోనిక్ ఆమ్లం వర్గానికి చెందిన మందులు ఇస్తే ఎముకలకు పాకే ముప్పు కొంత తగ్గుతుందని పలు పరీక్షల ఫలితాలను కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణ తేల్చింది.

చేరిన ప్రతి కణమూ వెంటనే గడ్డ కట్టదు. ఈస్ట్రోజెన్ గ్రాహకాలున్న రొమ్ము క్యాన్సర్లలో అయిదేళ్ల హార్మోన్ చికిత్స పూర్తయి, వ్యాధి జాడ లేని మహిళల్లో సైతం ఇరవయ్యో ఏడు దాకా వ్యాధి తిరగబెట్టే ముప్పు నిలకడగా కొనసాగుతుందని 2017లో ప్రచురితమైన పెద్ద విశ్లేషణ చెప్పింది. అంటే అన్నేళ్లూ ఆ కణాలు మజ్జలోనో, ఊపిరితిత్తుల్లోనో, కాలేయంలోనో నిద్రాణంగా ఉన్నాయన్నమాట. వాటిని నిద్రలో ఉంచే కాపలాదారుల్లో ఎన్‌కే కణాలు, టి కణాలు ముఖ్యమైనవి. కాలేయంలో నిద్రిస్తున్న రొమ్ము క్యాన్సర్ కణాలను ఎన్‌కే కణాలు అదుపులో ఉంచుతాయని, కాలేయానికి హాని కలిగి అక్కడి స్టెలేట్ కణాలు చురుకైనప్పుడు ఆ కాపలా సడలిపోతుందని 2021లో ఎలుకల మీద జరిగిన పరిశోధన తెలిపింది.

నిద్రాణ కణాలను లేపేది ఏమిటన్న ప్రశ్నకు ఇంతవరకు దొరికిన జవాబుల్లో అత్యంత స్పష్టమైనది 2018లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాల నుంచి వచ్చింది. న్యూట్రోఫిల్‌లకు ఒక చివరి అస్త్రం ఉంది: తమ డీఎన్ఏనే దారాలుగా బయటికి విసిరి, వాటికి అంటిన ఎంజైములతో క్రిములను వలలో చిక్కించుకుంటాయి. మికాలా ఎగెబ్లాడ్ బృందం నిద్రాణ క్యాన్సర్ కణాలున్న ఎలుకల ఊపిరితిత్తుల్లో పొగాకు పొగతో గానీ, బ్యాక్టీరియా పొరలోని పదార్థంతో గానీ దీర్ఘకాలపు శోథ కలిగించినప్పుడు న్యూట్రోఫిల్‌లు ఈ వలలు విసిరాయి. వాటిలోని ఎలాస్టేజ్, ఎంఎంపీ-9 అనే రెండు ఎంజైములు అక్కడి లామినిన్ అనే ప్రొటీన్‌ను నిర్దిష్టమైన చోట్ల కోశాయి. కోసిన లామినిన్ ఆకృతి మారి, దాన్ని తాకిన క్యాన్సర్ కణానికి మేలుకొమ్మన్న సంకేతంగా పనిచేసింది. ఆ మారిన ఆకృతిని కప్పేసే ప్రతిరక్షకం ఇచ్చినప్పుడు కణాలు మేల్కొనలేదు. క్రిముల కోసం విసిరిన వల మరో కణాన్ని లేపడం న్యూట్రోఫిల్ ఎంచుకున్నది కాదు; ఆ కోతలో పుట్టిన పక్కఫలితం.

ఇదే కోవలో మరికొన్ని పరిశోధనలు ఉన్నాయి. టి కణాల అదుపులో ఉన్న చిన్న కణితులు, శరీరంలో వేరే చోట చేసిన శస్త్రచికిత్స గాయం తర్వాత ఎదగడం మొదలుపెట్టాయని, ఆ సమయంలో శోథను తగ్గించే మెలోక్సికామ్ ఇస్తే ఆ ప్రభావం తగ్గిందని 2018లో ఎలుకల్లో తేలింది. ఫ్లూ, కోవిడ్ వైరస్‌లు సోకిన ఎలుకల ఊపిరితిత్తుల్లో నిద్రాణ రొమ్ము క్యాన్సర్ కణాలు ఐఎల్-6 సంకేతం ద్వారా రోజుల వ్యవధిలోనే మేల్కొన్నాయని 2025లో మరో బృందం ప్రకటించింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎలుకల ఫలితాన్ని పట్టుకుని శస్త్రచికిత్స వల్లే క్యాన్సర్ పాకుతుందన్న ప్రచారం చేయడం ప్రమాదకరం. కత్తి పెడితే క్యాన్సర్ విజృంభిస్తుందన్న అపోహతో చికిత్సకు ఆలస్యంగా వచ్చేవారు పోగొట్టుకునేది తమ ప్రాణాన్నే. తొలిదశ రొమ్ము క్యాన్సర్‌ను నయం చేయడంలో శస్త్రచికిత్సే పునాది. ఈ పరిశోధనలు లేవనెత్తుతున్న ప్రశ్న, ఆపరేషన్ చుట్టూ ఉండే కొద్ది రోజుల్లో శోథను అదుపు చేస్తే అదనపు మేలు జరుగుతుందా అన్నది మాత్రమే.

సాయపడే కణాల గురించి ఇంతగా చెప్పుకున్నాక, నిజంగా అడ్డుకునే కణాల బలాన్ని తక్కువ చేసి చూడకూడదు. కణితి లోపలికి చొచ్చుకువచ్చిన లింఫోసైట్ల (టి కణాల వంటి తెల్ల రక్తకణాల) శాతాన్ని మామూలు సూక్ష్మదర్శినిలోనే లెక్కించవచ్చు. హార్మోన్ గ్రాహకాలు గానీ, హెర్2 అనే ప్రొటీన్ గానీ లేని ట్రిపుల్ నెగెటివ్ రకంలో ఈ లింఫోసైట్లు ఎక్కువగా ఉన్న రోగులకు వ్యాధి తిరగబెట్టే ముప్పు తక్కువగా ఉంటుందని అనేక అధ్యయనాలు ఏకాభిప్రాయంతో చెబుతున్నాయి. రొమ్ము క్యాన్సర్లలో అధిక భాగమైన హార్మోన్ రకంలో మాత్రం లింఫోసైట్లు సాధారణంగా తక్కువగా ఉంటాయి, అవి ఉన్నా ఇదే అర్థాన్ని ఇవ్వవు. పైగా లింఫోసైట్లన్నీ దాడి చేసేవి కావు. సొంత శరీరం మీద దాడి జరగకుండా చూసే నియంత్రక టి కణాలు కణితిలో చేరి, దాడికి వచ్చిన కణాలకు పగ్గాలు వేస్తాయి. ఆ నియంత్రక కణాలను కనుగొన్నందుకే షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2025 వైద్య నోబెల్ అందుకున్నారు.

టి కణాల మీద ఉండే పీడీ-1 అనే మరో పగ్గాన్ని విప్పే మందులు క్యాన్సర్ చికిత్సను మార్చివేశాయి. ఆ ఆవిష్కరణకు తసుకు హోంజో, మరో పగ్గం మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్ 2018లో నోబెల్ పొందారు. పాకే ముప్పు ఎక్కువగా ఉన్న తొలిదశ ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్‌లో, ఆపరేషన్‌కు ముందు కీమోథెరపీతో పాటు, ఆపరేషన్ తర్వాత విడిగా, పీడీ-1 పగ్గాన్ని విప్పే పెంబ్రోలిజుమాబ్ ఇచ్చిన కీనోట్-522 పరీక్షలో అయిదేళ్లకు జీవించి ఉన్నవారి శాతం 86.6; ఆ మందు లేకుండా కీమోథెరపీ మాత్రమే ఇచ్చిన వారిలో 81.7. మందును ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టడం వెనుక తర్కం ఉంది. గడ్డ శరీరంలో ఉన్నప్పుడే టి కణాలకు దాని ఆనవాళ్లు విస్తారంగా దొరుకుతాయి. అలా నేర్చుకున్న కణాలు రక్తంలో తిరుగుతూ కంటికి కనిపించని చోట్ల దాగిన క్యాన్సర్ కణాలను వెతకగలవు. ఎలుకల్లో ఆపరేషన్ తర్వాత ఇచ్చిన చికిత్స కంటే ముందు ఇచ్చినది మెరుగ్గా పనిచేసింది. పగ్గం విప్పితే థైరాయిడ్, పేగులు, ఊపిరితిత్తులు, అడ్రినల్ గ్రంథుల మీద సొంత టి కణాలే దాడి చేసే ప్రమాదం ఉంటుంది గనుక ఈ చికిత్సకు నిరంతర పర్యవేక్షణ తప్పనిసరి.

హెర్2 రకంలో 1998 నుంచి వాడుతున్న ట్రాస్టుజుమాబ్ కూడా కొంతవరకు రోగనిరోధక చికిత్సే. ఆ ప్రతిరక్షకం క్యాన్సర్ కణానికి ఒకవైపు అంటుకుంటే, దాని రెండో కొసను ఎన్‌కే కణాలు, మాక్రోఫేజ్‌లు పట్టుకుని ఆ కణం మీద దాడి చేస్తాయి.

ఈ వివరాలన్నీ దృష్టిలో పెట్టుకుంటే, రోగనిరోధక శక్తిని పెంచుతామంటూ అమ్మే పొడులు, కషాయాలు, మాత్రలు క్యాన్సర్ రోగికి ఏ కణాన్ని పెంచుతాయో ఎవరైనా చెప్పగలరా అన్న అనుమానం రాక మానదు. పెంచవలసినది సీడీ8 టి కణమా, ఎన్‌కే కణమా, ఊపిరితిత్తుల్లో వలలు విసిరే న్యూట్రోఫిలా, రక్తనాళపు తలుపు తీసే మాక్రోఫేజా? తక్కెడలో ఒక పళ్లెం మాత్రమే ఉన్నట్టు శక్తి పెరగడం, తరగడం అనే మాటలతో ఈ వ్యవస్థను వర్ణించడం రోగులను తప్పుదారి పట్టిస్తుంది. ఆశతో, భయంతో ఉన్నవారి చేత అలాంటివి కొనిపించడం అన్యాయం.

హాని చేసే కణాలను తీసివేయడం కూడా అనుకున్నంత తేలిక కాదు. సీఎస్‌ఎఫ్-1 గ్రాహకాన్ని అడ్డుకునే మందులు ఎలుకల్లో చూపిన ఫలితాన్ని రొమ్ము క్యాన్సర్ రోగుల్లో, ఒంటరిగా ఇచ్చినప్పుడు, చూపలేకపోయాయి. ఇంకా కలవరపరిచే అనుభవం సీసీఎల్2 విషయంలో ఎదురైంది. ఊపిరితిత్తుల్లో దిగిన క్యాన్సర్ కణాలు సీసీఎల్2 అనే సంకేతంతో రక్తంలోని మోనోసైట్‌లనే తెల్ల కణాలను పిలిపించుకుంటాయని, అవి అక్కడ మాక్రోఫేజ్‌లుగా మారి కొత్త గడ్డకు ఊతమిస్తాయని, ఆ సంకేతాన్ని అడ్డుకుంటే ఎలుకలు ఎక్కువ కాలం బతుకుతాయని 2011లో పోలార్డ్ బృందమే చూపింది. 2014లో స్విట్జర్లాండ్‌లోని మరో బృందం అదే చికిత్సను కొనసాగించి, తర్వాత ఆపి చూసింది. మందు ఇస్తున్నంతకాలం మోనోసైట్‌లు ఎముక మజ్జలోనే నిలిచిపోయాయి. ఆపగానే అవి కట్ట తెగినట్టు రక్తంలోకి వచ్చి ఊపిరితిత్తులకు చేరాయి. అక్కడ కొత్త రక్తనాళాలు పెరిగాయి, క్యాన్సర్ విజృంభించింది, మందు అసలే ఇవ్వని ఎలుకల కంటే ముందుగా ఆ ఎలుకలు చనిపోయాయి. ఐఎల్-6ను, వీఈజీఎఫ్‌ను కూడా అడ్డుకున్నప్పుడు ఆ విజృంభణ తగ్గింది. అందుకే ఈ తరహా మందుల విషయంలో ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్నతో సమానంగా ఎలా ఆపాలన్న ప్రశ్నను కూడా పరీక్షించవలసి వస్తోంది.